పట్నపు కుక్క మంద కాస్తుందా?

మిరప కల్లాలు ఎత్తి, పత్తి ఆఖరి తీత ముగిసే వేళకు చీరాల చుట్టుపట్ల చేలల్లోకి గొర్రెల మందలు దిగుతాయి. పర్చూరు, ఇంకొల్లు, కారంచేడు వైపు నల్లరేగడి పొలాల్లో కట్టెకు మిగిలిన ఆకు, గట్ల మీది గడ్డి జీవాలకు మేత. పగలు మేసిన జీవాలు రాత్రి అదే చేలో పడుకుంటే వాటి పెంట, మూత్రం నేలకు ఎరువు. రైతుకు బండ్లతో ఎరువు తోలుకునే ఖర్చు తప్పుతుంది. కాపరికి రాత్రికి ఇంత అని డబ్బో, ధాన్యమో ముడుతుంది. ఇద్దరికీ లాభమైన ఈ ఏర్పాటు తరతరాలుగా సాగుతున్నది.

ఈ ఏర్పాటుకు రాత్రి కాపలా కుక్క. దానికి ముప్పు తెస్తున్నదీ కుక్కే. మొదటిది మందలో పెరిగిన కుక్క. రెండవది పట్నంలో పుట్టి, అక్కడ ఎవరికీ అక్కరలేక, కాలువ గట్టునో, బైపాసు రోడ్డు పక్కనో దించివేయబడిన కుక్క. "పొలాల్లో ఏదో ఒక మంద వెంట పడి బతుకుతుందిలే" అని వదిలినవారు మనసుకు సర్దిచెప్పుకుంటారు. ఆ మాటలో నిజమెంత? పట్నపు కుక్క మంద కాయడం నేర్చుకోగలదా? ఇది కుక్కల ముచ్చట కాదు. కాపరి కుటుంబం బతుకు, పొలం పోయే ఆడవాళ్ల, బడి పిల్లల క్షేమం ఈ ప్రశ్నకు ముడిపడి ఉన్నాయి.

మందే పొలం, మందే బ్యాంకు

2019 పశుగణన ప్రకారం ఆంధ్రప్రదేశ్‌లో సుమారు 1 కోటి 76 లక్షల గొర్రెలు ఉన్నాయి. దేశంలో తెలంగాణ తరువాత స్థానం ఈ రాష్ట్రానిదే. ఇక్కడి మందల్లో ఎక్కువగా కనిపించేది నెల్లూరు జాతి. ఒళ్లంతా తెల్లగా ఉండే పల్ల, మూతి చుట్టూ నల్లమచ్చలుండే జోడిపి, ఎరుపు గోధుమ వన్నె దొర అని అందులో మూడు రకాలు. పల్నాడు వైపు మాచర్ల జాతి ఉన్నది. ఎత్తయిన కాళ్లతో రోజుకు కోసుల దూరం నడవగల జీవాలివి. మెట్ట ప్రాంతంలో మేత కరువైనప్పుడు కాపరులు వీటిని డెల్టా వైపు తోలుకువస్తారు. మేత కోసం మందను వెంటబెట్టుకుని సీమలు దాటడం ఈ నేలకు కొత్త కాదు. కాటమరాజు కథంతా ఆ ప్రయాణం మీదనే, పుల్లరి తగాదా మీదనే నడుస్తుంది.

సెంటు భూమి లేని కాపరి కుటుంబానికి మందే పొలం, మందే బ్యాంకు. పిల్ల పెళ్లికైనా, ఆసుపత్రికైనా నాలుగు పొట్టేళ్లు అమ్ముకోవలసిందే. అటువంటి మందలో అర్ధరాత్రి కుక్కల గుంపు పడితే తెల్లవారేసరికి ఏళ్ల కష్టం నేలపాలవుతుంది. కరిచి చంపినవే లెక్కకు వస్తాయి. లెక్కకు రానివి ఇంకా ఉన్నాయి. బెదిరిన గొర్రెలు వల మీద పడి ఒకదాని కింద ఒకటి నలుగుతాయి. పిల్లలు ఊపిరాడక పోతాయి. చూడి గొర్రెలు ఈచుకుపోతాయి. గాయపడి బతికినవాటికి పుండ్లలో పురుగు పడుతుంది. ఆ నష్టం ఒక్క రాత్రితో ముగియదు, నెలల తరబడి సాగుతుంది.

చిత్రమేమంటే, ఇలా పడిన కుక్కలు చంపినదాన్ని చాలాసార్లు తినవు. ఆకలితో వచ్చే తోడేలు ఒకదాన్ని పట్టుకుపోతుంది. కుక్కకు పరుగెత్తేదాన్ని తరమడం పుట్టుకతో వచ్చిన గుణం. ఒక గొర్రె పరుగెత్తితే తరుముతుంది, పట్టుకుంటుంది, అది ఆగిపోతే దాన్ని వదిలి పరుగెత్తే మరొకదాని వెంట పడుతుంది. కడుపు నిండిన పెంపుడు కుక్క కూడా ఈ పని చేయగలదు. అన్నం పెట్టి వదిలాం కదా, జీవాల జోలికి పోదు అనుకోవడం పొరపాటు.

కాసే కుక్క వేరు, తోలే కుక్క వేరు

మంద కుక్క అనగానే పటాల్లో చూసిన విదేశీ కుక్కలు చాలామందికి గుర్తుకు వస్తాయి. ఈలవేస్తే ఉరికి గొర్రెలను కుడికి, ఎడమకు తిప్పే కుక్కలవి. ఇంగ్లండు, స్కాట్లండు సరిహద్దు కొండల్లో తయారైన బోర్డర్ కోలీ జాతి ఆ పనికి పేరుపొందింది. నేటి ఆ జాతికి మూలపురుషుడుగా చెప్పే 'ఓల్డ్ హెంప్' అనే కుక్క 1893లో పుట్టింది. అది మొరగకుండా, కరవకుండా, కళ్లతోనే గొర్రెలను అదిలించేదని ప్రసిద్ధి. వేటాడే గుణంలో నుంచి పొంచి చూడడం, తరమడం అనే రెండింటిని ఉంచి, పట్టి చంపడాన్ని తీసివేసేలా తరతరాలుగా ఏరి పెంచడం వల్ల వచ్చిన నేర్పు అది.

రెండో రకం కాసే కుక్క. అది మందను తోలదు, మందలో ఒకటిగా మసలుతుంది. పగలు గొర్రెల వెనుకే నడుస్తుంది, రాత్రి వల బయట చుట్టూ పడుకుంటుంది, అలికిడి అయితే లేచి మొరుగుతుంది. హిమాలయాల్లో గద్దీ కాపరుల కుక్క ఇటువంటిదే. చిరుతకు, ఎలుగుకు ఎదురు నిలిచే ఆ కుక్కను 2025లో దేశవాళీ జాతిగా అధికారికంగా నమోదు చేశారు.

ఈ ప్రాంతంలో మంద వెంట తిరిగే కుక్క కూడా కాసే కుక్కే. దానికి జాతి పేరు లేదు, ధ్రువపత్రం లేదు. చూపుకు ఊరకుక్క. తిప్పే పని కాపరి నోటి కేకదీ, చేతి కర్రదీ. కుక్క పని కాపలా ఒక్కటే. కాపరి తినే సంకటిలో, గంజిలో దానికీ ఒక వాటా. ఎండకు తట్టుకుంటుంది, చిల్లకంపలో దూరుతుంది, ఊళ్లోకి పోయినా మందకే తిరిగి వస్తుంది. కాబట్టి ఈ ప్రాంతపు కాపరికి కావలసింది ఉరికే కుక్క కాదు, ఉన్నచోట ఉండే కుక్క. పట్నపు కుక్కను గురించి ఆలోచించేటప్పుడు ఈ తేడా ముందుగా గుర్తుంచుకోవాలి.

మొక్కై వంగనిది

మందలో ఉండాలన్న బుద్ధి కుక్కకు ఎక్కడి నుంచి వస్తుంది? పరిశోధకులు చెప్పేదీ, అనుభవమున్న కాపరులు చేసేదీ ఒకటే. కుక్కపిల్ల రెండు వారాలకు కళ్లు తెరుస్తుంది. మూడో వారం మొదలు సుమారు మూడు నెలల వరకు అది ఎవరి మధ్య పెరుగుతుందో వారినే తనవాళ్లుగా తెలుసుకుంటుంది. ఆ రోజుల్లో గొర్రెల వాసన, పిల్లల అరుపు, పొట్టేలు కొమ్ము దెబ్బ రుచి చూసిన పిల్ల జన్మాంతం గొర్రెను పరాయిది అనుకోదు. ఆ రోజుల్లో సోఫా, సిమెంటు మెట్లు, మోటారు సైకిలు మాత్రమే చూసిన పిల్లకు గొర్రె అంటే పరుగెత్తే బొమ్మ.

1977లో అమెరికాలో హాంప్‌షైర్ కాలేజీలో రేమండ్ కాపింజర్, లోర్నా కాపింజర్ అనే దంపతులు మంద కాసే కుక్కలపై పెద్ద పరిశీలన మొదలుపెట్టారు. యూరపు, టర్కీ ప్రాంతాల కాపరి కుక్కల పిల్లలను తెచ్చి అక్కడి రైతుల మందల్లో పెంచి చూశారు. జాతి ఎంత మంచిదైనా, చిన్నతనంలో గొర్రెల మధ్య పెరగని కుక్క నమ్మకమైన కాపలాదారు కావడం కష్టమని వారి పనిలో తేలింది. మొక్కై వంగనిది మానై వంగునా అని తెలుగువారు ఎప్పుడో అన్న మాటే అది.

చిన్నతనంలో మందలో పెట్టినంత మాత్రాన పని పూర్తి కాదు. ఆరేడు నెలల వయసులో కుక్కకు ఆట ఎక్కువ. గొర్రెపిల్ల చెవి పట్టుకు లాగడం, తోక కొరకడం, సరదాకు తరమడం అప్పుడే మొదలవుతాయి. అక్కడికక్కడ అదిలించకపోతే ఆట అలవాటవుతుంది, అలవాటు వేటవుతుంది. దొంగ మేతకు పోయే గొడ్డు మెడకు గుదిబండ కట్టినట్టే, ఇతర దేశాల కాపరులు కూడా ఈ వయసు కుక్క మెడకు కొయ్య వేలాడదీస్తారు. నడవడానికి అడ్డు రాదు, ఉరకడానికి అడ్డు వస్తుంది. ఏడాదిన్నర, రెండేళ్లు నిండితే గాని కుక్క నిలకడకు రాదు. ఇంత కాలం కన్ను వేసి ఉంచే మనిషి ఉంటేనే మంద కుక్క తయారవుతుంది. రోడ్డు మీద దించి పోయిన కుక్కకు అటువంటి మనిషి ఎవరు?

పేరులో కాపరి, బతుకులో గొలుసు

పట్నాల్లో డాబా ఇళ్ల ముందు గొలుసుకు కట్టి కనిపించే అల్సేషియన్ అసలు పేరు జర్మన్ షెపర్డ్, అంటే జర్మనీ గొర్రెల కాపరి. 1899లో మాక్స్ ఫాన్ స్టెఫానిట్జ్ అనే సైనికాధికారి కాపరుల దగ్గరి కుక్కలను ఏరి ఈ జాతిని స్థిరపరిచారు. ఆ దేశంలో చేలకు కంచెలు లేని చోట, రెండు పైర్ల నడుమ సన్నటి బీడులో గొర్రెలు మేసేవి. కుక్క పైరు అంచు వెంట అటూ ఇటూ తిరుగుతూ గొర్రె మూతి పైరులో పడకుండా చూసేది. నడిచే కంచె అన్నమాట. మిరప చేను పక్కన గొర్రెలు మేపే కాపరికి ఇంతకన్నా ఉపయోగపడే విద్య లేదు.

అయితే ఆ విద్య నేడు గొలుసుకున్న కుక్కలో మిగిలి ఉన్నదా? ఆ తరువాత ఎన్నో తరాలుగా ఈ జాతిని పోలీసు పనికి, ఇంటి కాపలాకు, పోటీల్లో అందానికి ఏరి పెంచారు. కొన్నింటిలో పాత గుణం నిద్రపోతూ ఉండవచ్చు. పట్నంలో పెరిగిన కోలీలు, షెపర్డులు మొదటిసారి గొర్రెలను చూడగానే చుట్టూ తిరిగి కూడగట్టడం విదేశాల్లో శిక్షకులు చూసిన సంగతే. కాని అక్కడ కుక్క మెడకు పొడుగాటి తాడు ఉంటుంది, పక్కన తెలిసిన మనిషి ఉంటాడు, ముందు కుక్కలకు అలవాటుపడిన నాలుగైదు గొర్రెలుంటాయి. నెలల తరబడి నేర్పిన తరువాతే పెద్ద మందలోకి వదులుతారు. గుణం పుట్టుకతో రావచ్చు, పని మాత్రం నేర్పితేనే వస్తుంది.

వాతావరణం మరొక అడ్డు. మంచు దేశాల కోసం పుట్టిన దట్టమైన బొచ్చుతో రోహిణీ కార్తె ఎండలో, నీడలేని నల్లరేగడిలో ఏ కుక్క నడవగలదు? ఫ్యాను కింద పెరిగినదానికి వడదెబ్బ తప్పదు. గోమార్లు, పిడుదులు, పల్లేరు ముళ్లు, కాలువ నీళ్లు దానికి కొత్త. ముద్దుకు తెచ్చిన పామేరియన్, లాబ్రడార్, హస్కీల మాట చెప్పనే అక్కరలేదు. అటువంటివాటిని ఊరిబయట వదలడం అంటే వాటికి స్వేచ్ఛ ఇవ్వడం కాదు, కాలం తీరేదాకా మాడ్చడం.

నాటు కుక్కలు బతుకుతాయి నిజమే. బతికేది మాత్రం మంద కాసి కాదు. కాలువ గట్లపైన, రోడ్ల పక్కన కుమ్మరించే కోడి వ్యర్థాలు, మాంసం తుక్కు తిని బతుకుతాయి. ఆ కుప్పల దగ్గరే గుంపులు కడతాయి. ఒంటరిగా ఉన్నప్పుడు రాయి ఎత్తితే పారిపోయే కుక్క గుంపులో చేరితే మనిషికి వెరవదు. కుప్ప ఖాళీ అయిన రాత్రి ఆ గుంపు దారి వల కట్టిన చేను వైపే.

కొల్లేటి జోనంగి నేర్పే పాఠం

తెలుగు నేలకు సొంతమైన తోలే కుక్క ఒకటి ఉన్నది. దాని పేరు జోనంగి. కోస్తా జిల్లాల్లో, ముఖ్యంగా కొల్లేరు చుట్టుపట్ల కనిపించే ఈ కుక్కకు పొట్టి వెంట్రుకలు, ముడతలు పడిన నుదురు. మిగతా కుక్కల్లా తెగ మొరగదు, రాగం తీసినట్టు కూస్తుంది. నేలలో గుంత తవ్వుకుని పడుకుంటుంది. వేటకే కాక, బాతుల మందలను తోలడానికి దీన్ని వాడేవారు. గొర్రెలను తిప్పే కుక్కల గురించి లోకమంతా చెప్పుకుంటున్నది. బాతులను తోలే కుక్క ఇంటి పక్కనే ఉన్నదని ఎందరికి తెలుసు?

కొల్లేటిలో చేపల చెరువులు పెరిగాయి. బాతుల మందలు తగ్గాయి. జోనంగికి పని పోయింది. పని పోయిన కుక్కకు పిడికెడు అన్నం పెట్టే చెయ్యి కూడా పోయింది. చెరువు గట్ల మీద చేపలకు, కోళ్లకు అలవాటుపడింది. నిన్నటిదాకా తోడుగా ఉన్నది శత్రువైంది. 2006లో కొల్లేటిలో అక్రమ చెరువుల గట్లు పగులగొట్టారు గాని, పోయిన బాతుల మందలు, వాటి వెనుక నడిచిన కుక్కలు తిరిగి రాలేదు. ఇప్పుడు ఆ జాతిని నిలబెట్టాలని కొందరు కుక్కల ప్రియులు పాటుపడుతున్నారు.

ఈ పాఠం చీరాల ప్రాంతానికీ వర్తిస్తుంది. బీళ్లు తగ్గుతున్నాయి. వేటపాలెం, చినగంజాం వైపు తీరమంతా రొయ్యల చెరువులు వచ్చాయి. మందలు తగ్గిన చోట మంద కుక్కలూ తగ్గుతాయి. ఇవాళ మంద వెంట నడిచే కుక్కను ఊరకుక్కగా లెక్కగట్టి పోగొట్టుకుంటే, రేపు వెతికినా దొరకదు. పట్నం నుంచి దాని స్థానంలోకి వచ్చేది కాపలాదారు కాదు, దోపిడీదారు.

కరిస్తే కారం కాదు, సబ్బు నీళ్లు

కొత్త కుక్కలతో వచ్చే మరో భయం పిచ్చికుక్క జబ్బు, అంటే రేబిస్. ప్రపంచంలో ఏటా సుమారు 59 వేల మంది ఈ జబ్బుతో చనిపోతున్నారని, అందులో మూడో వంతుకు పైగా భారతదేశంలోనే అని ప్రపంచ ఆరోగ్య సంస్థ అంచనా. మనుషులకు సోకే ప్రతి వంద కేసుల్లో తొంభై తొమ్మిది కుక్కల వల్లనే. చనిపోయేవారిలో పదిహేనేళ్ల లోపు పిల్లలు ఎక్కువ. జబ్బు బయటపడ్డాక మందు లేదు. బయటపడక ముందు టీకా ఉన్నది.

ఈ టీకా చరిత్రలో ఒక గొర్రెల కాపరి పేరు చిరస్థాయిగా నిలిచింది. 1885 అక్టోబరులో ఫ్రాన్సులో జాన్ బాప్టిస్ట్ జుపీల్ అనే కుర్రవాడు తోటి కాపరి పిల్లలపైకి వచ్చిన పిచ్చికుక్కను ఒంటిచేత్తో ఎదిరించి, చేతులంతా కాట్లు పడినా వారిని కాపాడాడు. లూయీ పాశ్చర్ ఇచ్చిన టీకాతో బతికాడు. పాశ్చర్ టీకా పొందిన రెండో మనిషి అతడే. పారిస్‌లో పాశ్చర్ సంస్థ ఆవరణలో ఆ కాపరి పిల్లవాడు కుక్కతో పెనుగులాడుతున్న విగ్రహం నేటికీ ఉన్నది.

పల్లెల్లో కుక్కకాటుకు కారం అద్దడం, సున్నం రాయడం, పసరు పూయడం ఇంకా పూర్తిగా పోలేదు. మిరప పండే సీమ కాబట్టి కారానికి కొదవ లేదు గాని, కారంతో రేబిస్ చావదు. పుండు రేగి విషం లోపలికి పోయే ప్రమాదం ఎక్కువవుతుంది. చేయవలసింది తేలిక పని. కాటును ధారగా పడే నీళ్లతో, సబ్బుతో పదిహేను నిమిషాలు కడగాలి. వెంటనే ప్రభుత్వ ఆసుపత్రికి పోయి టీకా వేయించుకోవాలి. డాక్టరు చెప్పిన రోజుల్లో మిగిలిన మోతాదులు తప్పకూడదు. రక్తం వచ్చేలా కరిస్తే టీకాతో పాటు గాయంలో వేసే సీరం కూడా అవసరమవుతుంది.

జీవాలకు సంబంధించిన జబ్బు ఇంకొకటి ఉన్నది. గొర్రె తల ఒక పక్కకు వాల్చి గుండ్రంగా తిరిగి తిరిగి పడిపోవడం కాపరులు చూసే ఉంటారు. కుక్క పేగుల్లో ఉండే బద్దెపురుగు గుడ్లు మేతతో గొర్రె కడుపులోకి పోయి, మెదడులో నీటితిత్తి కట్టడం దానికి కారణం. చచ్చిన గొర్రె తలకాయను కుక్కకు వేస్తే ఆ పురుగు మళ్లీ కుక్కకు చేరుతుంది. ఇదే జాతికి చెందిన మరో పురుగు వల్ల మనుషులకు కాలేయంలో, ఊపిరితిత్తుల్లో తిత్తులు కడతాయి. కోసిన జీవాల తలకాయ, కాలేయం పచ్చివి కుక్కలకు వేయకుండా పూడ్చిపెట్టడం, కుక్కకు పురుగుల మందు పట్టించడం - ఈ రెండు పనులతో కాపరి తన మందను, తన ఇంటిని కాపాడుకోగలడు.

చట్టం ఏమంటున్నది

కుక్కను దించి పోవడం తప్పని చాలామందికి తెలియదు. పెంచిన జంతువును ఆకలిదప్పులకు గురయ్యేలా వదిలివేయడం 1960 నాటి జంతు హింస నివారణ చట్టం కింద నేరం. వీధి కుక్కలను పట్టిన స్థానిక సంస్థ వాటికి గర్భనిరోధక ఆపరేషను చేయించి, టీకా వేయించి, పట్టిన చోటనే వదలాలని 2023 నిబంధనలు చెబుతున్నాయి. 2025 ఆగస్టు 22న సుప్రీంకోర్టు కూడా పిచ్చి లక్షణాలున్నవి, మీద పడి కరిచేవి తప్ప మిగిలినవాటిని ఆ ప్రాంతంలోనే వదలాలని చెప్పింది. బడులు, ఆసుపత్రులు, బస్టాండ్ల ఆవరణల్లో పట్టిన కుక్కలను తిరిగి అక్కడ వదలక ఆశ్రయాలకు తరలించాలని అదే సంవత్సరం నవంబరు 7న ఆదేశించింది. పట్టి తెచ్చి పల్లె పొలిమేరలో దించి రమ్మని ఏ చట్టమూ, ఏ కోర్టూ చెప్పలేదు.

అయినా పట్నం చెత్తకు పల్లె దిబ్బ అన్న ఆలోచన చాలామందిలో ఉన్నది. 1921లో పురపాలక సంఘం పన్నులు వద్దని దుగ్గిరాల గోపాలకృష్ణయ్య నాయకత్వాన చీరాల, పేరాల జనం ఇల్లూ వాకిలీ వదిలి రామనగర్ పాకల్లో నెలల తరబడి గడిపారు. పొలిమేర దాటడం అంటే ఏమిటో తెలిసిన ప్రాంతం ఇది. ఆ జనం తమ హక్కు కోసం తాము దాటారు. నేడు పట్నం తన బాధ్యతను కుక్క రూపంలో పొలిమేర దాటిస్తున్నది. ఈ రెండింటికీ ఎంత దూరం!

బ్రిటన్‌లో 1953లోనే ఒక చట్టం తెచ్చారు. పొలంలో కుక్క గొర్రెల వెంట పడితే దాని యజమాని దోషి. అది కరిచిందా లేదా అన్న ప్రశ్నే రాదు, తరిమితే చాలు. ఇక్కడ కూడా పెంపుడు జంతువు వల్ల ప్రమాదం కలగకుండా జాగ్రత్తపడని వారికి శిక్ష వేసే నిబంధన భారతీయ న్యాయ సంహితలో ఉన్నది. కాని యజమాని ఎవరో తెలిస్తే కదా శిక్ష! పట్నాల్లో పెంపుడు కుక్కల నమోదు గట్టిగా జరిగితే గాని దించి పోయినవారు దొరకరు.

కావలసిన పనులు

కుక్కలను విషం పెట్టి చంపడం పరిష్కారం కాదు. అది నేరం. పైగా విషం తిన్న కుక్కల్లో మంద కుక్కలూ ఉంటాయి. ఒక గుంపును తుడిచిపెట్టినా, కుప్ప ఉన్నంతకాలం మరో గుంపు వచ్చి చేరుతుంది. కుప్ప తీసివేయడం మొదటి పని. కోడి మాంసం దుకాణాల వ్యర్థాలు కాలువ గట్టున పడకుండా పంచాయతీలు, పురపాలక సంఘం కట్టడి చేయాలి. దుకాణదారుకు గుంత చూపించాలి, ఆ తరువాత కూడా గట్టున పోస్తే జరిమానా వేయాలి.

రెండవది టీకా. ఒక ప్రాంతంలో నూటికి డెబ్బై కుక్కలకు టీకా పడితే రేబిస్ గొలుసు తెగుతుందని నిపుణుల లెక్క. ఏటా జూలై 6న పశువైద్యశాలల్లో కుక్కలకు ఉచితంగా టీకా వేస్తున్నారు. ఆ శిబిరానికి వచ్చేవి ఎక్కువగా పట్నపు పెంపుడు కుక్కలే. మంద ఊళ్లో లేని రోజున వేసే టీకా కాపరి కుక్కకు అందదు. గొర్రెలకు మందు వేయడానికి పశుసంవర్ధక శాఖ సిబ్బంది మంద దగ్గరకు వచ్చినప్పుడే కుక్కకూ టీకా వేసి, పురుగుల మందు పట్టిస్తే పని ఒక్కసారితో తీరుతుంది.

మూడవది గుర్తింపు. టీకా పడిన మంద కుక్క మెడకు ఒక పట్టీ కట్టాలి. వీధి కుక్కలను పట్టే బండి వచ్చినప్పుడు కాపరి కుక్క పోకుండా ఉండాలంటే ఇది అవసరం. గర్భనిరోధక ఆపరేషను చేయించినంత మాత్రాన కుక్క కాపలా మానదు. ఇంకా ఊరు పట్టి తిరగకుండా మంద దగ్గరే నిలుస్తుంది. పిల్లల కోసం మంచి కుక్కను ఒకటి రెండు విడిచి, మిగిలినవాటికి ఆపరేషను చేయించుకోవడానికి కాపరులు వెనుదీయవలసిన పని లేదు.

నాలుగవది పిల్లల ఎంపిక. కొత్త కుక్క కావలసిన కాపరి రోడ్డు పక్కన కనిపించిన పెద్ద కుక్కకు ఆశపడరాదు. మందలో పని చేసే తల్లి పిల్లను, పాలు మరిచే వయసులో, రెండు నెలలకు తెచ్చుకుని గొర్రెపిల్లల దొడ్డిలో పెట్టాలి. ఇంట్లో ఉంచి పిల్లలతో ఆడించి, ఆరు నెలలకు మందలోకి తోలితే అది ఇంటికే పరుగెత్తుతుంది. మూడు నెలలు నిండగానే టీకా, ఏటా మరొకటి మరువరాదు.

ఇక పట్నవాసులు. కుక్కను నిజంగా సాకలేని స్థితి వస్తే ఇచ్చే పద్ధతి ఒకటి ఉన్నది. పిల్ల వయసులో, టీకా వేయించి, పేరు ఊరు తెలిసిన కాపరి చేతికి, ఆయన ఒప్పుకున్నాకే ఇవ్వాలి. ఈడు వచ్చిన కుక్కను మందకు అంటగట్టరాదు. దాన్ని తిరిగి తీసుకోవడానికి సిద్ధపడి ఇస్తే అది దానం. చీకట్లో దించి బండి తిప్పుకుపోతే అది నేరం. ముద్దుగా ఉన్నదని కొనే ముందే పన్నెండేళ్లు సాకగలమా అని ఇంటిల్లిపాదీ ఒకసారి ఆలోచించుకుంటే ఈ బాధ సగం తీరుతుంది.

పట్నపు కుక్కకు మంద కాయడం రాకపోవడం దాని తప్పు కాదు. నేర్చుకునే వయసులో దానికి మందను చూపించినవారు లేరు. ఆ సంగతి తెలిసి కూడా దాన్ని మంద మీదికి తోలడం మాత్రం మనుషుల తప్పే. ఈ ఏడు పత్తి తీతలు అయి మందలు చేలల్లోకి దిగక ముందే గట్ల మీది వ్యర్థాలు తీసివేయించడం, మంద కుక్కలకు టీకా శిబిరాలు పెట్టించడం పంచాయతీల చేతిలో ఉన్న పని. తీర్మానానికి ఒక్క గ్రామసభ చాలు. గొర్రెలు చచ్చిన మర్నాడు పెట్టే సభ కంటే ముందు పెట్టే సభకే విలువ ఎక్కువ.